అప్‌డేట్: సెక్టార్ల షీట్ తయారైంది

షేర్ మార్కెట్‌లో ఏ సెక్టార్ (ఐటీ, ఫార్మా లాంటి రంగం) పెరుగుతోందో, ఏది తగ్గుతోందో వారానికోసారి చూసుకునే టూల్ ఏదైనా ఉందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. చివరికి నిఫ్టీ ఇండైసెస్ సైట్ నుంచి పాత డేటా దించుకుని గూగుల్ షీట్‌లో పెట్టుకున్నాను. డబ్బులేమీ ఖర్చు కాలేదు.

ఒక అన్న చెప్పిన కిటుకు అన్నిటికంటే పనికొచ్చింది: సెక్టార్ ఇండెక్స్‌ను (ఆ రంగం షేర్ల కదలికను చూపే సూచీ) నిఫ్టీ 50తో (50 పెద్ద కంపెనీల సూచీ) భాగించి, వచ్చిన అంకెల గీత చూడటం. మార్కెట్ మొత్తం లేచిన రోజు దాదాపు అన్ని సెక్టార్లూ పచ్చగానే కనిపిస్తాయి. ఈ గీత దిగుతుంటే మాత్రం ఆ సెక్టార్ వెనకబడుతున్నట్టే. ఇంకోటి, నిఫ్టీ ఐటీలో ఉన్నవి 10 షేర్లే. ఇన్ఫోసిస్, టీసీఎస్ లాంటి పెద్దవి కదిలితే ఇండెక్స్ మొత్తం కదులుతుంది. అందుకే పక్కనే ఒక్కో షేరు మార్పు కూడా వేసుకున్నాను. డివిడెండ్లు (కంపెనీలు షేర్లున్నవాళ్లకు పంచే లాభం) కలిపి చూడాలంటే టోటల్ రిటర్న్ ఇండెక్స్ తీసుకోవాలి.

తిరుపతిలో ఆదివారం పూట నాన్న, నేను కూర్చుని చూస్తున్నాం. రిటైర్మెంట్ డబ్బు కాబట్టి ఆయనకు టిప్స్ అంటే టెన్షన్. ఇప్పుడు ఆయనే "ఫార్మా గీత చూపించమ్మా" అంటున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది.

షీట్ కావాలన్నవాళ్లకు కాపీ పంపుతాను. మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇండెక్స్‌లోని షేర్లు మారుతుంటాయి, అప్పుడు జాబితా సరిచూసుకోండి.