వెంటబెట్టుకొని రమ్ము, తీసికొని రమ్ము

బైబిల్లోని రెండవ తిమోతి పత్రిక 4వ అధ్యాయం మళ్లీ చదువుతూ ఒక చిన్న తేడా దగ్గర ఆగిపోయాను. చెరలో ఉన్న అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాస్తున్న మాటలవి. 11వ వచనంలో "మార్కును వెంటబెట్టుకొని రమ్ము" అంటాడు. రెండు వచనాలు దాటగానే, త్రోయలో కర్పు దగ్గర ఉంచి వచ్చిన అంగీని, పుస్తకాలను, చర్మపు కాగితాలను "తీసికొని రమ్ము" అంటాడు. మనిషికి ఒక మాట, వస్తువుకి ఇంకో మాట.

ఇప్పుడు మనం రెండింటికీ 'తీసుకురా' అనే అనేస్తున్నాం. పాలు తీసుకురా, చెల్లిని స్కూల్ నుంచి తీసుకురా. తప్పని కాదు, నేనూ అలాగే అంటాను. కానీ మా నాయనమ్మ "తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పో" అందంటే అందులో చాలా ఉండేది. సంతలో వాడి చెయ్యి వదలకూడదు. కాళ్లు నొప్పులని కూలబడితే నేనూ ఆగాలి. వాడికేమైనా అయితే జవాబు చెప్పాల్సింది నేనే.

ఆ బరువుతో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చదవండి. పౌలు, బర్నబా కలిసి చేసిన మొదటి సువార్త ప్రయాణంలో, వాళ్లతో వెళ్లిన మార్కు పంఫూలియలోని పెర్గే నుంచే యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. ఎందుకో ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. రెండోసారి బయల్దేరేటప్పుడు బర్నబా అతణ్ణి వెంటబెట్టుకొని పోదామన్నాడు. మార్కు అతని దగ్గరి బంధువు కూడా. తమను విడిచిపోయినవాణ్ణి "వెంటబెట్టుకొని పోవుట యుక్తము కాదని" పౌలు పట్టుబట్టాడు. వాదం ముదిరి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు (సైప్రస్ ద్వీపానికి) ఓడ ఎక్కాడు. 37, 38, 39, వరుసగా మూడు వచనాల్లోనూ అదే మాట.

ఏళ్లు గడిచాక, తిమోతికి రాసిన ఆ పత్రికలో, తోటి పనివాడు దేమా తనను విడిచి వెళ్లిపోయాడని చెప్పిన మరుసటి వచనంలోనే పౌలు మార్కును అడుగుతున్నాడు. అప్పట్లో వద్దన్న మాటే ఇప్పుడు తన నోట రమ్మనే మాటయింది. నాకిక్కడ గొంతు పూడుకుపోతుంది.

మూలంలోనూ ఈ తేడా ఉందా అని అడిగినవారికి: ఉంది. గ్రీకులో మార్కు విషయంలో వాడింది 'అనలంబానో', 'ఆగో' అనే రెండు క్రియలు కలిపి, అంటే వెంట తీసుకుని నడిపించుకు రావడం. అంగీ విషయంలో 'ఫెరో', మోసుకు రావడం. కార్యములలోని క్రియ, తిమోతిలోని 'అనలంబానో' అచ్చంగా ఒకటి కావు, కానీ రెండింట్లోనూ 'లంబానో' (తీసుకోవడం) ఉంది. తెలుగు చేసినవారు రెండుచోట్లా 'వెంటబెట్టుకొని' అనే వాడటంతో ఆ చుట్టరికం మన చెవికి ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది.

తిమోతి పత్రికలో అదే 11వ వచనంలో మార్కు గురించి అన్న "ప్రయోజనకరమైనవాడు" మాత్రం నాకంత రుచించదు. మందు గురించో ఎరువు గురించో చెప్పినట్టుంటుంది. 'అక్కరకు వచ్చేవాడు' అంటే ఇంకా దగ్గరగా ఉండేదేమో. అయితే ఫిలేమోను పత్రిక 11వ వచనంలో దాసుడైన ఒనేసిము గురించీ ఇదే గ్రీకు మాట, ఇదే తెలుగు మాట. అక్కడ 'నిష్ప్రయోజనమైనవాడు' అని ముందు వస్తుంది కాబట్టి ఆ జంట చెడకూడదనుకున్నారేమో.

మీ వైపు 'వెంటబెట్టుకుని' ఇంకా వాడుకలో ఉందా? మా ఊళ్లో 'వెంటేసుకుని' కూడా అంటారు గానీ, "ఎవర్నో వెంటేసుకు తిరుగుతున్నాడు" అన్నప్పుడు అందులో కాస్త చిరాకు ధ్వనిస్తుంది. మీకూ అలాగే వినిపిస్తుందా?