‘మీరు కానివ్వండి’: వెనకవారికి దారి ఇచ్చే మాట ఏది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఉండేది కాలిఫోర్నియాలో, శాన్ హోసే దగ్గర. సెలవు రోజుల్లో కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి డిస్క్ గోల్ఫ్ ఆడుతుంటాం. తెలియనివారి కోసం రెండు మాటలు: ప్లాస్టిక్ డిస్కును టీ (మొదటి విసురు విసిరే చోటు) దగ్గర నిలబడి విసరాలి, పడిన చోటి నుంచి మళ్లీ విసరాలి, చివరికి గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేయాలి. అలా ఒక బుట్ట తరువాత ఇంకొకటి ఆడుతూ సాగాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత మేలు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు కూడా ఉత్సాహంగా చేరుతున్నారు. వారికోసం ఒక పేజీ తెలుగులో రాస్తున్నాను. అంతా బాగానే వచ్చింది కానీ ఒక్క వాక్యం లొంగడం లేదు. వెనక వచ్చేవారు త్వరగా ఆడుతుంటే ముందున్నవారు పక్కకు జరిగి వారిని ముందుకు పంపడం ఇక్కడి మర్యాద. నేను ఇలా రాశాను:

“నిదానంగా ఆడే జట్టు వేగంగా ఆడే జట్టును తమ గుండా ఆడనివ్వాలి.”

మా మామగారు చదివి, “అంటే ముసలివాళ్లం అడ్డొస్తున్నామనా అమ్మా?” అన్నారు. ఆయన నొచ్చుకునే మాట ఆ కాగితంలో ఉండకూడదు. పైగా శీర్షికగా ‘నిదానమే ప్రధానం’ అని పెట్టాలని ఇంట్లో కొందరు, ‘ఆలస్యం అమృతం విషం’ అని పెట్టాలని మరికొందరు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు

ముందు ‘తమ గుండా’ తీసేయండి. అడవి గుండా వెళ్తాం, ఊరి గుండా వెళ్తాం. మనుషుల గుండా ఎవరూ వెళ్లరు. ‘జట్టు’ కూడా కుదరదు. జట్టు అనగానే ఎదుటి జట్టు ఒకటి ఉందనీ, గెలుపోటములు ఉన్నాయనీ స్ఫురిస్తుంది. ఇక్కడ ముందున్నవారికీ వెనకున్నవారికీ పోటీ లేదు కదా. ‘బృందం’ అంటే భజన బృందమో, ప్రతినిధి బృందమో అనిపిస్తుంది. ‘గుంపు’లో మర్యాద లేదు. ఉత్త ‘ముందువారు’, ‘వెనకవారు’ చాలు.

రెండో జవాబు

అమ్మా, మంచి పని తలపెట్టారు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. నిరుడు మా అబ్బాయి దగ్గర ఆస్టిన్‌లో ఉన్నప్పుడు జిల్కర్ పార్కులో ఈ ఆట చూశాను, ఆడాను కూడా. అందుకే మీ మామగారి బాధ నాకు తెలుస్తోంది.

మన భాషలో నెమ్మదితనానికి మాటలు కొల్లలు. వాటిని రెండు వరుసల్లో పెట్టి చూడండి. నిదానంగా, నెమ్మదిగా, మెల్లగా, తాపీగా, నింపాదిగా అనేవి ఒక వరుస. జాగు, తాత్సారం, ఆలస్యం, నత్తనడక అనేవి మరొక వరుస. మొదటి వరుసలో కాలాన్ని కొలిచేది పని చేస్తున్న మనిషి. రెండో వరుసలో కొలిచేది ఎదురుచూస్తున్న మనిషి. నేను తాపీగా కాఫీ తాగుతుంటాను. బయట ఆటో ఎక్కి కూర్చున్నవారికి అది తాత్సారం. పని ఒకటే, గడియారం ఎవరి చేతికి ఉందన్నదే తేడా. వేగానికీ అంతే. చురుగ్గా, చకచకా అంటే మెప్పు. తొందర, ఆత్రం, దూకుడు, ఆదరాబాదరా అంటే ఆక్షేపణ.

పార్కులో జరిగే గొడవంతా ఇక్కడే ఉంది. ముందువారు తమను మొదటి వరుస మాటలతో చూసుకుంటారు, వెనకవారు వారిని రెండో వరుస మాటలతో చూస్తారు. వెనకవారు తమ ఆట చురుకైనదనుకుంటారు, ముందువారికి అది దూకుడుగా కనిపిస్తుంది. మీ వాక్యంలో ‘నిదానంగా’ అన్న మంచి మాటే వేశారు. కానీ పక్కనే ‘వేగంగా’ అని పెట్టి, చివర ‘ఇవ్వాలి’ అనేసరికి ఆ మంచిమాట కూడా నిందలా వినిపించింది. మామగారిది అకారణమైన నొప్పి కాదు.

సామెతల సంగతి. రెండూ వద్దని నా గట్టి అభిప్రాయం. మొదటిది ముందువారి జెండా, రెండోది వెనకవారి జెండా. ఏది పెట్టినా కాగితం ఒక పక్షం చేరినట్టే. అయితే ‘నిదానం’ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సంస్కృతంలో నిదానం అంటే మూలకారణం; రోగ నిదానం అనేది ఆ అర్థంలోనే. తెలుగులో ‘నిదానించు’ అంటే పరికించి చూడడం. ‘నిదానించి చూస్తే ఆనవాలు దొరికింది’ అంటాం. కాబట్టి నిదానంగా ఆడడమంటే కాళ్లీడ్చడం కాదు, నాలుగు పక్కలా చూసుకుంటూ ఆడడం. ఆ నాలుగు పక్కల్లో వెనక కూడా ఒకటి. నిజమైన నిదానస్తుడికి వెనక ఎవరు నిలబడి ఉన్నారో తెలుస్తుంది. ఇది మీ మామగారికి చెప్పండి, ఆయన ఒప్పుకుంటారు.

మూడో జవాబు

మాస్టారు గారు భాష చెప్పారు. ఆట సంగతి నేను చెబుతాను, ఎందుకంటే వాక్యంలో చిక్కు సగం అక్కడే ఉంది. ఈ మర్యాదకు అసలు షరతు వేగం కాదు, ముందు ఖాళీ ఉండడం. మీ ముందున్న బుట్ట దగ్గర కూడా మనుషులు నిండి ఉంటే, వెనకవారిని పంపి లాభం ఏమిటి? వాళ్లూ మీ పక్కనే నిలబడాలి. ముందు ఒక బుట్ట పూర్తిగా ఖాళీ అయి, వెనక ఎవరో ఆగి ఉంటే అప్పుడే దారి ఇవ్వాలి. బంతితో ఆడే పాత గోల్ఫ్‌లోనూ ఇదే పద్ధతి. ఆ నియమావళిలో 2018 దాకా ఉన్న మర్యాదల భాగం, ముందు ఒక హోల్ (ఇక్కడి బుట్ట లాంటిది) ఖాళీ పడి వెనకవారికి ఆలస్యమవుతుంటే వారిని ముందుకు పిలవాలనీ, వెనక ఎందరున్నారన్నది చూడనక్కర్లేదనీ చెప్పింది. 2019లో నియమాలు తిరగరాశాక, ఒక్కో దెబ్బకు 40 సెకన్లు మించకుండా ఆడమని సలహా ఇచ్చారు.

డిస్క్ గోల్ఫ్‌లో విసరడానికి మీ వంతు వచ్చి, ముందు దారి ఖాళీ అయ్యాక 30 సెకన్ల గడువు. పోయిన డిస్కును వెతకడానికి 3 నిమిషాలు. ఇవి పోటీల లెక్కలు; సరదాగా ఆడే పెద్దవారిని గడియారం పట్టుకుని తరమకూడదు. కానీ వెతుకులాట మొదలైందంటే 3 నిమిషాలూ అయ్యేదాకా వెనకవారిని నిలబెట్టవద్దు. ఒకరు పొదల్లో వెతుకుతుంటే ఇంకొకరు చెయ్యి ఊపి పిలిచేయాలి. దారి ఇవ్వడానికి మంచి చోటు తరువాతి టీ. ఆడుతున్న బుట్ట పూర్తిచేసి, టీ దగ్గర పక్కకు జరిగి, వారు విసిరి, నడిచి, డిస్కు అందనంత దూరం వెళ్లేదాకా ఆగడం. దారి తీసుకున్నవారు కూడా చకచకా కదలాలి. మొదటి విసురు బాగా రాలేదని ఇంకొకటి విసిరి చూసుకోవడం వంటివి అప్పుడు అసలు కూడదు. ఆ మాట కూడా మీ కాగితంలో ఉండాలి. అన్ని బాధ్యతలూ పెద్దవారి మీదే వేస్తే ఎలా?

మీకు దగ్గరలోనే శాంటా క్రూజ్‌లో డెలవియాగా మైదానం ఉంది. దాని 27వ టీని ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ అంటారు. కొండ మీది నుంచి కిందికి విసరాలి, ఎదురుగా దూరంగా మాంటెరీ అఖాతం కనిపిస్తుంది. అక్కడ అందరి కాళ్లూ ఆగుతాయి, ఫొటోలు తీసుకుంటారు. ఆగండి, తప్పులేదు, కానీ టీ మీద కాదు, పక్కన. నెమ్మదిగా ఆడేవారికి కూడా నెమ్మది మిగిలేది అలాగే. వెనక ఎవరో చూస్తున్నారన్న బరువుతో విసిరితే చెయ్యి వణుకుతుంది.

ఇంకొకటి: మీ కాగితంలో గోల్ఫ్‌లోలా ‘హోల్’ అనకుండా ‘బుట్ట’ అని రాయండి. ఈ ఆటలో నేలలో రంధ్రమేదీ లేదు. తొలి శాశ్వత మైదానం 1975లో మీ రాష్ట్రంలోనే, పాసడేనా దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో వచ్చింది. దాన్ని రూపొందించిన ఎడ్ హెడ్రిక్ ఆ తరువాత గొలుసుల బుట్టను తయారు చేశారు. అంతకుముందు చెట్లూ స్తంభాలే గురి. ‘మూడో బుట్ట దగ్గర ఉన్నాం’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషం. అంటే వాక్యంలో నిదానం, వేగం రెండూ లేకుండానే రాయవచ్చన్నమాట. మరి నోటితో అనే మాట? ముందువారు వెనకవారితో ఏమనాలి? వెనకవారు ఎలా అడగాలి? ఇక్కడ తెలుగువాళ్లం ఒకరి వెనక ఒకరం తరచూ ఆడుతుంటాం. పెద్దవారిని “కొంచెం తప్పుకోండి” అనడానికి మా పిల్లలకు నోరు రావడం లేదు, రాకూడదు కూడా.

రెండో జవాబు ఇచ్చినవారు

‘తప్పుకోండి’ తలమీద బరువు ఉన్నవారి మాట. మూట మోసేవారికి చెల్లుతుంది, డిస్కు పట్టుకున్నవారికి చెల్లదు. ముందువారు అనవలసిన మాట మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది: “మీరు కానివ్వండి.” పెళ్లిలో బంతికి ఒకే విస్తరి మిగిలితే ఇదే అంటాం, బోరింగు దగ్గర బిందె పెట్టబోయి ఆగినప్పుడూ ఇదే అంటాం. ‘ముందు వెళ్లండి’ అంటే ఒక్కోసారి పొమ్మన్నట్టు ఉంటుంది. ‘కానివ్వండి’లో ఆ ప్రమాదం లేదు. పని మీది, సమయం మీది, మాకేమీ ఇబ్బంది లేదు అన్నదంతా అందులో వచ్చేస్తుంది. అన్నవారి పెద్దరికం కూడా నిలుస్తుంది. మామగారి నోట ఆ మాట వస్తే దారి ఇచ్చినది ఆయన అవుతారు, తొలగించబడినవారు కారు.

వెనకవారి మాటలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మూడు రూపాలు చూడండి. “మమ్మల్ని వెళ్లనిస్తారా?” అంటే మీరు అడ్డం ఉన్నారని చెప్పకనే చెప్పినట్టు. “మేము వెళ్లవచ్చా?” పరవాలేదు, కానీ బడిలో పిల్లవాడు అనుమతి అడిగినట్టు పొడిగా ఉంది. “మమ్మల్ని ముందు ఆడుకుని వెళ్లమంటారా?” అంటే నిర్ణయం పూర్తిగా ఎదుటివారి చేతిలో పెట్టినట్టు. వారు వద్దన్నా మాట పోదు, సరే అన్నా వారి మాట నెగ్గినట్టే. ‘-మంటారా’ అన్న ఈ రూపం పెద్దల దగ్గర వాడడానికే పుట్టిందేమో అన్నంత బాగా అతుకుతుంది. ముందు “బాబాయి గారూ”, “పిన్ని గారూ” అని ఒక పిలుపు చేరిస్తే చాలు. ముక్కూ మొహం తెలియనివారైనా ఫరవాలేదు.

నాలుగో జవాబు

మాటల సంగతి తేలింది. నాకు భయం వేరే ఉంది. డిస్కు తప్పిపోయి ఎవరివైపైనా వెళ్తుంటే ఇక్కడ ‘ఫోర్!’ అని అరుస్తారు. మన పెద్దవారికి ఫోర్ అంటే క్రికెట్టే. ఆ కేక వినగానే మా నాన్నగారు బంతి ఎటు వెళ్లిందా అన్నట్టు తలెత్తి చూశారు. డిస్కు చెవి పక్కనుంచి దూసుకుపోయింది. దూరం విసిరే డిస్కు 170 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, అంచు పలచగా ఉంటుంది, తగిలితే సామాన్యం కాదు. “ఫోర్ అని వినబడితే పైకి చూడకండి. తల వంచి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకోండి” అని పెద్ద అక్షరాలతో రాయండి. వెనకవారికి కూడా: ముందువారు డిస్కు అందే దూరంలో ఉన్నంతసేపూ విసరనే కూడదు. తొందరపెట్టడానికి దగ్గరగా విసిరేవారిని చూశాను. దానికి మర్యాదలేమి అన్న మాట కూడా చాలదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. శీర్షిక తీసేశాను. ఇప్పుడు కాగితంలో ఇలా ఉంది:

“మీ ముందు బుట్ట ఖాళీగా ఉండి, వెనక ఎవరైనా ఆగి ఉంటే, తరువాతి టీ దగ్గర పక్కకు జరిగి ‘మీరు కానివ్వండి’ అనండి. వారు డిస్కు అందనంత దూరం వెళ్లాక మీ ఆట మొదలుపెట్టండి. మీకు ఎవరైనా దారి ఇస్తే, టీ నుంచి ఒక్కొక్కరు ఒక్క విసురే విసిరి చకచకా కదలండి. వెళ్తూ వారికి నమస్కారం చెప్పండి. వెనుక నుంచి ‘ఫోర్’ అని కేక వినబడితే పైకి చూడకుండా తల వంచి, చేతులు అడ్డం పెట్టుకోండి.”

మామగారికి చదివి వినిపించాను. “నమస్కారం పెట్టారా లేదా నేను చూస్తాను” అన్నారు.

మొదటి జవాబు ఇచ్చినవారు

బాగుంది. ఒక్క సవరణ: మొదటి వాక్యంలో ‘వెనక’ అని, చివరి వాక్యంలో ‘వెనుక’ అని ఉంది. రెండూ ఒప్పే, కానీ ఒకే కాగితంలో ఒకటే ఉంచండి.