ట్రెడ్‌వీల్, క్రాంక్: ఇంగ్లండ్ జైళ్లలో రెండూ ఎందుకు?

పాతరికార్డు: 19వ శతాబ్దపు ఇంగ్లండ్ జైళ్ల గురించి చదువుతుంటే ఈ రెండు యంత్రాల పేర్లూ పదేపదే తగులుతున్నాయి. రెండూ కఠిన శిక్షకే అయితే ఒకటి చాలదా? క్రాంక్ అనే పిడి యంత్రాన్ని చేత్తో రోజుకు 10,000 చుట్లు తిప్పించేవారట. మనిషి వల్ల అయ్యే పనేనా అది?

ఇరుసు: ముందు ట్రెడ్‌వీల్ సంగతి. 1818 ప్రాంతంలో ఇంజనీర్ విలియం క్యూబిట్ రూపొందించాడు. వెడల్పాటి చక్రం, దాని చుట్టూ మెట్లు. పైన కడ్డీ పట్టుకుని ఎక్కుతుంటే కాలికింది మెట్టు దిగిపోతుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. మెట్టు ఎత్తు సుమారు 8 అంగుళాలు. తర్వాత్తర్వాత స్థిరపడిన లెక్క: రోజుకు 6 గంటలు, అందులో 15 నిమిషాలు ఎక్కితే 5 నిమిషాలు విరామం, నిమిషానికి 32 అడుగుల ఎత్తు. మొత్తం 8,640 అడుగుల ఎత్తు ఎక్కినట్టు. బ్రిక్స్‌టన్ జైల్లో దాంతో ధాన్యం పిండి చేసేవారు. కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ జైల్లో అదీ లేదు, చక్రాన్ని గాలిలో తిరిగే రెక్కలకు తగిలించారు. ఖాళీ తిరగలి తిప్పినట్టే.

నాలుగోగది: రెండోది, అంటే క్రాంక్, ఎందుకంటే, ఒంటరి నిర్బంధ పద్ధతి వల్ల. 1842లో తెరిచిన పెంటన్‌విల్ జైల్లో 520 గదులు, ఒక్కోటి 13 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ఖైదీలు ఒకరి మొహం ఒకరు చూడకూడదని బయటికొస్తే ముసుగు టోపీ. ట్రెడ్‌వీల్ ఎక్కించాలంటే అందరినీ ఒకచోటికి తేవాలి, క్రాంక్ అయితే గదిలోనే పెట్టేయొచ్చు. పెంటన్‌విల్‌లో నేతపని, చెప్పులు కుట్టడం లాంటివి నేర్పేవారు గానీ, కొద్ది నెలల శిక్షలుండే స్థానిక జైళ్లలో అంత వ్యవధి ఎక్కడిది?

10,000 చుట్లంటారా, నిమిషానికి 20 చొప్పున 8 గంటల 20 నిమిషాలు. చుట్లతో కాదు చిక్కు, బరువుతో. క్రాంక్ అంటే ఇనప డొల్లలో ఇసుక, దాన్ని తోడే గిన్నెలు, బయట పిడి, చుట్లు లెక్కపెట్టే డయల్. ఇరుసు బిగుసుకుంటే భారం పెరుగుతుంది. డయల్‌కి ఆ సంగతి తెలీదు.

ఇరుసు: బర్మింగ్‌హామ్ జైల్లో జరిగింది సరిగ్గా అదే. అల్పాహారానికి ముందు 2,000, మధ్యాహ్న భోజనం లోపు 4,000, రాత్రి తిండికి ముందు ఇంకో 4,000. లెక్క తగ్గితే రొట్టె, నీళ్లే. తిండి తగ్గిన ఒంటితో మర్నాడు ఆ లెక్క పూర్తయ్యేదెలా? మాంసం దొంగిలించి వచ్చిన పదిహేనేళ్ల ఎడ్వర్డ్ ఆండ్రూస్ 1853 ఏప్రిల్‌లో గదిలో ఉరేసుకున్నాడు. విచారణ కమిషన్ వేస్తే, క్రాంకుల అసలు భారం చెప్పినదానికంటే బాగా ఎక్కువని బయటపడింది.

పాతరికార్డు: అయితే అప్పుడే తీసేశారా?

నాలుగోగది: లేదండీ. పైగా 1865 చట్టం రెండింటినీ మొదటి తరగతి, అంటే మరింత కఠినమైన శ్రమ కింద రాసింది. 1878లో స్థానిక జైళ్లన్నీ ప్రభుత్వం చేతికొచ్చాక, జైళ్ల కమిషన్ అధిపతి ఎడ్మండ్ డ్యూ కేన్ హయాంలోనూ సాగాయి. 1895లో జైళ్లపై వేసిన గ్లాడ్‌స్టన్ కమిటీ పనికిరాని శ్రమ వద్దు, పదిమంది కలిసి చేసే ఉపయోగకరమైన పని పెట్టమంది. 1898 చట్టం తర్వాత రెండూ పోయాయి.