ఐరిస్: గింజ నాటాలా, దుంప కొనాలా?

ఉప్పల్ మిద్దెతోట:
అందరికీ నమస్కారం. ఆన్‌లైన్‌లో ఒకచోట బియర్డెడ్ ఐరిస్ (కింది రేకుల మీద గడ్డంలా నూగుండే రకం) గింజలు చూశాను. బొమ్మలో పువ్వు పై రేకులు నీలం, కింది రేకులు మంచి ఎరుపు. ధర కూడా తక్కువే. ఐరిస్‌ని గింజ నుంచి పెంచడం దండగ, దుంపే నాటాలని కొందరంటున్నారు. ఏది నిజం? మా అక్క అమెరికా నుంచి సంక్రాంతికి వస్తోంది. దుంపలైతే తనతో తెప్పించుకోవచ్చా?

న్యూజెర్సీ పెరడు:
ముందు ఆ ప్యాకెట్ కొనడం మానేయండి. బియర్డెడ్ ఐరిస్‌లో అసలైన ఎరుపు ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు. వందేళ్లకు పైగా సంకరం చేస్తూనే ఉన్నారు, ఇటుక రంగు, ముదురు మెరూన్ దాకానే వచ్చారు. ఆ ఎరుపు కంప్యూటర్‌లో వేసిందే.

బొమ్మ నిజమైనదే అనుకున్నా గింజతో ఆ పువ్వు రాదండీ. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాస్తుందా? ఇదీ అంతే. పేరున్న రకాలన్నీ దుంప విడదీసే పెంచుతారు. ఇక్కడ వేసవి చివర దుంప పెడితే మరుసటి మే నెలలో పువ్వు చూసే అవకాశం ఉంది. గింజైతే మొలవడానికే ఒక చలికాలం కావాలి, పూతకు ఇంకో రెండు మూడేళ్లు ఆగాలి. అందుకే నా ఓటు దుంపకే.

టెక్సాస్ తోట:
న్యూజెర్సీ గారూ, ప్యాకెట్ విషయంలో మీ మాటే నాదీ. కానీ గింజ దండగ అంటే ఒప్పుకోను. మీరు పేరు చూసి కొనే ప్రతి రకమూ ఒకప్పుడు ఎవరో గింజ నాటి మొలిపించిందే. అందరూ దుంపలే పంచుకుంటూ కూర్చుంటే కొత్త పువ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది?

పని కూడా కష్టమైందేం కాదు. పొద్దున్నే ఒక పువ్వు నుంచి పుప్పొడి తిత్తిని ట్వీజర్స్‌తో తీసి, ఇంకో పువ్వులో గడ్డం పైనున్న కీలం (పువ్వు ఆడ భాగపు కాడ) కొసన చిన్న పెదవిలా కనిపించే చోట రుద్దాలి. ఏ పువ్వు పుప్పొడి వేశామో రాసి కాడకు కట్టాలి. నిలిస్తే కాయ ఉబ్బుతుంది, దాదాపు రెండు నెలలకు గోధుమ రంగుకు తిరిగి కొస పగులుతుంది. గింజలో మొలకను ఆపే పదార్థాలు ఉంటాయి కాబట్టి వాటిని నానబెట్టి రోజూ నీళ్లు మారుస్తారు. తర్వాత తడి కోకోపీట్‌లో కలిపి ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు ఉంచాలి. ఫ్రీజర్‌లో కాదు, కూరలు పెట్టే అరలో. మంచు పడే ఊళ్లలో అదీ అక్కర్లేదు, అక్టోబర్‌లో కుండీలో చల్లి బయట వదిలేస్తే వానా మంచూ చూసుకుంటాయి. ఒకటి మాత్రం మర్చిపోకండి: మొదటి ఏడు మొలవలేదని కుండీ పారబోయొద్దు. కొన్ని గింజలు రెండో వసంతానికి గాని లేవవు.

న్యూజెర్సీ పెరడు:
ఇదంతా బాగానే ఉంది. చోటు మాటేమిటి? కాయ బాగా నిలిస్తే ముప్పై నలభై గింజలుంటాయి. మొలిచినవాటిలో చాలావరకు తల్లిదండ్రుల కంటే సాధారణమైన పూలే పూస్తాయి, అది తెలిసేదాకా ప్రతి మొక్కకూ చోటివ్వాలి. అడిగినాయనకు ఉన్నది మిద్దె!

టెక్సాస్ తోట:
సాధారణం అని ఎవరు తేల్చాలండీ? పోటీలో జడ్జీకి నచ్చకపోవచ్చు. మన చేత్తో సంకరం చేసిన పువ్వు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. దానికోసం మూడేళ్లు ఆగడం నాకు ఎక్కువనిపించదు.

విశాఖ పూలతోట:
ఇద్దరూ మీ చలిదేశం లెక్కలే చెబుతున్నారు. ఉప్పల్‌లో బియర్డెడ్ ఐరిస్ గింజతో పెట్టినా దుంపతో పెట్టినా తిప్పలే. మొగ్గ కట్టాలంటే దానికి నెలల తరబడి గట్టి చలి కావాలి. పైగా ఆ దుంప నేలపైనే ఎండకు పొడిగా ఉండాలి, మన జూలై ఆగస్టు వానలకు కుళ్లి వాసన వచ్చేస్తుంది. అక్కయ్యను దుంపలు తెమ్మనకండి. 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, అక్కడి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అవి లేకుండా సూట్‌కేస్‌లో వేసుకొస్తే ఎయిర్‌పోర్ట్‌లో తనకు టెన్షన్.

మన వేడికి తట్టుకునే ఐరిస్ ఒకటుంది. నర్సరీల్లో లెపర్డ్ లిల్లీ, బ్లాక్‌బెర్రీ లిల్లీ అంటారు. లిల్లీ కాదది. చాలాకాలం బెలంకాండా అని వేరుగా ఉంచారు, డీఎన్‌ఏ చూశాక 2005లో ఐరిస్ డొమెస్టికా అని ఐరిస్ ప్రజాతిలో కలిపారు. విసనకర్రలా పరుచుకున్న ఆకులు, నారింజ పువ్వు మీద ఎర్ర మచ్చలు. ఏ పువ్వుకైనా ఒక్క రోజే ఆయుష్షు, సాయంత్రానికి మెలితిరిగి ముడుచుకుంటుంది, కానీ మర్నాటికి ఇంకోటి విచ్చుతుంది. కాయ పగిలితే నల్లగా మెరిసే గింజల గుత్తి. ఇది సహజ జాతి కాబట్టి గింజ నాటితే దాదాపు అదే పువ్వు వస్తుంది. మన ఎండల్లో ఈ చర్చకు నా జవాబు గింజే.

న్యూజెర్సీ పెరడు:
దీనికి అభ్యంతరం లేదు. దుంప అన్నది పేరున్న బియర్డెడ్ రకాల గురించే, ఆ మాట మీద మాత్రం ఉంటాను.

టెక్సాస్ తోట:
విశాఖ గారు మంచి మొక్క గుర్తుచేశారు. ఈ డొమెస్టికాను ఐరిస్ డైకాటమాతో సంకరం చేస్తే వచ్చిందే క్యాండీ లిల్లీ. దాని గింజలు నాటితే పసుపు, ఊదా, గులాబీ, ఏ మొక్కకు ఏ రంగో పూసేదాకా తెలియదు. నేను ఇందాకటి నుంచీ మొత్తుకుంటున్నది ఈ ఆనందం గురించే.

ఉప్పల్ మిద్దెతోట:
చాలా థాంక్స్ అండీ. ప్యాకెట్ వద్దు, అక్కకు కూడా చెప్పేస్తాను. లెపర్డ్ లిల్లీ గింజలకు ఫ్రిజ్ తప్పనిసరా?

విశాఖ పూలతోట:
తప్పనిసరి కాదు, పెడితే మొలక కాస్త మెరుగ్గా ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో సెంటీమీటరు లోతున వేయండి. కుండీ అడుగున నీళ్లు నిలవకూడదు. అన్నీ ఒకేసారి రావు, కొన్నిటికి నెల దాటుతుంది. మొలిచిన ఏడాదే పూయకపోతే కంగారు పడకండి, రెండో ఏడు పూస్తుంది.