థామస్, ఉబెర్, సుదిర్మన్, ఆల్ ఇంగ్లండ్... అన్నీ షటిలే అయితే ఇన్ని కప్పులెందుకు?

గ్రూప్స్ కుర్రాడు:

అందరికీ నమస్తే. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. జీకేలో క్రీడల చాప్టర్ తెరిస్తే చాలు బుర్ర వేడెక్కిపోతోంది. మా మెటీరియల్‌లో ఉన్నది ఒక పెద్ద పట్టిక, ఎడమవైపు కప్పు పేరు, కుడివైపు ఆట పేరు, అంతే. రాత్రి బట్టీ పడితే తెల్లారేసరికి సగం ఎగిరిపోతున్నాయి. ఒక్క షటిల్‌కే థామస్, ఉబెర్, సుదిర్మన్, ఆల్ ఇంగ్లండ్, వరల్డ్ ఛాంపియన్‌షిప్, సూపర్ 1000 అని ఇన్ని ఎందుకున్నాయి? సింధు వరల్డ్ ఛాంపియన్ అంటారు, 2022లో ఇండియా వరల్డ్ ఛాంపియన్ అయింది అంటారు, రెండూ ఒకటేనా? ఇంకోటి, గేమ్ 21 పాయింట్లకి అని చదివా, మరి ఆ 2022 ఫైనల్ స్కోర్లలో 23-21 ఎలా వచ్చింది? ఆట తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి. కోడ్‌లు, ట్రిక్కులు మాత్రం వద్దు, అవి ఇప్పటికే బోలెడున్నాయి, ఏ కోడ్ దేనికో గుర్తుపెట్టుకోవడానికి ఇంకో కోడ్ కావాల్సొస్తోంది.

షటిల్ పిచ్చి:

తమ్ముడూ, ఆ పట్టిక కాసేపు పక్కన పెట్టు. ఏ కప్పు పేరు కనబడినా ముందు ఒకటే చూడు: బరిలోకి దిగేది మనిషా, దేశమా?

ఎవరి పేరు మీద వాళ్లు ఆడేవి వరల్డ్ ఛాంపియన్‌షిప్, ఆల్ ఇంగ్లండ్, ఇంకా సూపర్ 1000, 750, 500 అని నంబర్లు తగిలించిన వరల్డ్ టూర్ టోర్నీలు. నంబర్ పెద్దదైతే టోర్నీ పెద్దది, ర్యాంకింగ్ పాయింట్లు ఎక్కువ, అంతకుమించి అందులో మర్మమేం లేదు. సింధు 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జపాన్ అమ్మాయి ఒకుహరాని 21-7, 21-7తో చితక్కొట్టి గెలిచింది వరల్డ్ ఛాంపియన్‌షిప్ సింగిల్స్. దేశాలు జట్లుగా ఆడేవి మూడు. మగవాళ్లకి థామస్, ఆడవాళ్లకి ఉబెర్, ఇద్దరూ ఒకే జట్టులో ఉండేది సుదిర్మన్. 2022లో మనవాళ్లు గెలిచింది థామస్ కప్. పేపర్లవాళ్లు ఉత్సాహం కొద్దీ రెండింటికీ 'ప్రపంచ విజేత' అని హెడ్డింగ్ పెట్టేస్తారు, తిప్పలు చదివేవాళ్లకి.

థామస్ కప్‌లో రెండు దేశాల మధ్య ఐదు మ్యాచులుంటాయి, మూడు సింగిల్స్, రెండు డబుల్స్. ముందుగా మూడు గెలిచినవాళ్లదే పోటీ. సింగిల్స్‌లో ఎవరు ముందు, ఎవరు తర్వాత అనేది ర్యాంకింగ్ ప్రకారమే, కోచ్ ఇష్టం కాదు. అందుకే ఒక్క స్టార్ ఉంటే ఇక్కడ పని జరగదు. మనకి ప్రకాశ్ పదుకొణె, గోపీచంద్ లాంటి వాళ్లున్న రోజుల్లో కూడా జట్టు ఒక్కసారీ ఫైనల్ దాకా రాలేదు. మన అమలాపురం సాత్విక్, ముంబై చిరాగ్ జోడీ కుదిరాక డబుల్స్‌లో ఒక పాయింట్ మీద ధైర్యం వచ్చింది, లెక్క అక్కడ మారింది.

ఇక నీ 23-21 సంగతి. ఫైనల్ 2022 మే 15న బ్యాంకాక్‌లో, అవతల 14 సార్లు కప్పు ఎత్తిన ఇండోనేషియా. లక్ష్య సేన్ మొదటి గేమ్ 8-21తో పోగొట్టుకుని కూడా జింటింగ్ మీద మిగతా రెండూ లాగేశాడు. తర్వాత సాత్విక్, చిరాగ్ ఎదురుగా అహ్సన్, సుకముల్జో. మొదటి గేమ్ 18-21తో పోయింది. రెండో గేమ్‌లో అవతలివాళ్లకి నాలుగు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి, అంటే నాలుగుసార్లు ఇంకొక్క షాట్ పడితే మన పని అయిపోయేది, నాలుగూ కాచుకున్నారు. స్కోరు 20-20 అయితే 21తో ఆగదు, రెండు పాయింట్ల తేడా రావాలి, అందుకే 23-21. అలా సాగి సాగి 29-29 అయిందనుకో, 30వ పాయింట్ ఎవరిదైతే గేమ్ వాళ్లది, ఇక తేడాతో పని లేదు. మూడో గేమ్ 21-19. ఆ తర్వాత మన గుంటూరు శ్రీకాంత్ వచ్చి క్రిస్టీని 21-15, 23-21తో కొట్టాడు. 3-0 కాబట్టి మిగతా రెండు మ్యాచులు ఆడనేలేదు.

చాలామంది మర్చిపోయేది ప్రణయ్‌ని. ఫైనల్లో అతని వంతు రాలేదు గానీ, క్వార్టర్స్‌లో మలేషియా మీద, సెమీస్‌లో డెన్మార్క్ మీద 2-2 అయినప్పుడు చివరి మ్యాచ్ గెలిపించింది అతనే. డెన్మార్క్ మీద అయితే మధ్యలో కాలు జారి మడమ దగ్గర దెబ్బ తగిలినా మొదటి గేమ్ పోయిన మ్యాచ్‌ని తిప్పేశాడు. నన్నడిగితే ఆ కప్పులో సగం వాటా అతనిది.

డ్రిల్లు మాస్టారు (రిటైర్డ్):

పైన బాగా చెప్పారు. దానికి కాస్త చరిత్ర కలిపితే పరీక్ష హాల్లో జారిపోదు నాయనా.

సర్ జార్జ్ థామస్ ఇంగ్లండ్ ఆటగాడు, చదరంగంలోనూ ఘటికుడే. 1934లో అంతర్జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్య పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. టెన్నిస్‌కి డేవిస్ కప్ ఉన్నట్టు షటిల్‌కీ దేశాల పోటీ ఉండాలని 1939లో ఆలోచన పెట్టాడు. యుద్ధం వచ్చి పడింది, దాంతో మొదటి పోటీ 1948-49లో గానీ కుదరలేదు. డెన్మార్క్‌ని ఓడించి మలయా గెలిచింది. అప్పుడు మూడేళ్లకోసారి, పోటీకి తొమ్మిది మ్యాచులు. రెండేళ్లకోసారి, ఐదు మ్యాచులు, ఉబెర్ కప్‌తో కలిపి ఒకే ఊళ్లో అనే పద్ధతి 1984 నుంచి. మామూలుగా సరి సంవత్సరాల్లో జరుగుతుంది, 2020ది మాత్రం కరోనా వల్ల 2021లో డెన్మార్క్‌లో పెట్టారు.

ఉబెర్ అంటే ఈ కాలం పిల్లలకి క్యాబ్ గుర్తొస్తుంది. ఆమె బెట్టీ ఉబెర్, ఇంగ్లండ్ క్రీడాకారిణి. 1956-57లో మొదలైంది, మొదటి మూడుసార్లూ గెలిచింది అమెరికా, ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. మన అమ్మాయిలు 2014లో ఢిల్లీలో, 2016లో చైనాలోని కున్‌షాన్‌లో సెమీస్‌కి చేరారు. అక్కడ మూడో స్థానానికి విడిగా మ్యాచ్ ఉండదు, సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యమే.

సుదిర్మన్ కప్ ఇండోనేషియా సమాఖ్య పెట్టిన డిక్ సుదిర్మన్ పేరు మీద 1989లో జకార్తాలో మొదలైంది, బేసి సంవత్సరాల్లో వస్తుంది. మొదటిసారి ఇండోనేషియానే గెలిచింది, ఆ తర్వాత పేరు వాళ్లది, కప్పు ఎక్కువగా చైనాది. ఐదు విభాగాలకీ ఒక్కో మ్యాచ్ ఉంటుంది, మిక్స్‌డ్ డబుల్స్‌తో సహా.

ఇక ఆల్ ఇంగ్లండ్. 1899 నుంచి ఉంది. అధికారిక వరల్డ్ ఛాంపియన్‌షిప్ మొదలైందే 1977లో, స్వీడన్‌లోని మాల్మోలో. అప్పటిదాకా ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడినే ప్రపంచంలో మొదటివాడుగా చూసేవారు, ఆ గౌరవం ఇప్పటికీ పోలేదు. మనవాళ్లలో గెలిచింది ఇద్దరే: 1980లో ప్రకాశ్ పదుకొణె, 2001లో గోపీచంద్. సింధుకి అది ఇంకా దక్కలేదు, 'ఆల్ ఇంగ్లండ్ గెలిచిన భారత మహిళ' అని ఆప్షన్లలో పెట్టి ముంచుతారు, జాగ్రత్త.

రూమ్ నంబర్ 9:

ఇంత లోతు ఎవరడుగుతారు సార్, ఒక మార్కు కోసం. థామస్ మగ, ఉబెర్ ఆడ, సుదిర్మన్ మిక్స్‌డ్, అయిపోయింది. ఆ టైంలో పాలిటీ ఒక చాప్టర్ చదువుకోవచ్చు.

షటిల్ పిచ్చి:

బ్రో, ఒక వాక్యం ప్రశ్నలైతే నువ్వన్నది నిజమే. 'కింది వాక్యాల్లో సరైనవి ఏవి' అని నాలుగు వాక్యాలిచ్చినప్పుడు పట్టిక ఎందుకూ కొరగాదు. ఇదిగో ఒకటి: గోపీచంద్ 2001 ఫైనల్లో చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించాడు. 21 పాయింట్ల ఆటే తెలిసినవాడు ఇది తప్పని కొట్టేస్తాడు. అప్పుడు గేమ్ 15 పాయింట్లకే, పైగా సర్వీస్ చేసేవాడికి మాత్రమే పాయింట్ వచ్చేది. ఏ ర్యాలీ ఎవరు గెలిచినా పాయింట్, గేమ్ 21కి అనేది 2006లో వచ్చింది. ఇక బాల్ బ్యాడ్మింటన్ వేరే ఆట, ఉన్ని బంతితో జట్టుకి ఐదుగురు ఆడేది, దాన్ని షటిల్‌తో కలిపేసి ప్రశ్న పోగొట్టుకునేవాళ్లు మన ఊళ్లలో కూడా ఉన్నారు.

గ్రూప్స్ కుర్రాడు:

అన్నా, మాస్టారూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్, మనిషా దేశమా అన్నది పెట్టుకుని చూస్తే పట్టిక సగం దానంతటదే సర్దుకుంది. ఇదే లెక్క వేరే ఆటలకీ పనికొస్తుందా? డేవిస్ కప్, స్వేత్లింగ్ కప్, కార్బిలాన్ కప్ ఇంకా తికమకగానే ఉన్నాయి. అలాగే సర్వీస్ ఫాల్ట్, లెట్ ఒకటేనా?

డ్రిల్లు మాస్టారు (రిటైర్డ్):

పనికొస్తుంది. డేవిస్ కప్ టెన్నిస్‌లో మగవాళ్ల దేశాల పోటీ, 1900 నుంచి. ఆడవాళ్లది పాత పుస్తకాల్లో ఫెడ్ కప్ అని ఉంటుంది, 2020లో దాన్ని బిల్లీ జీన్ కింగ్ కప్ అని మార్చారు, నీ మెటీరియల్‌లో ఇంకా ఫెడ్ కప్పే ఉంటే ఆ పుస్తకం వయసు అర్థమవుతుంది. మనం డేవిస్ కప్ ఫైనల్‌కి మూడుసార్లు వెళ్లాం: 1966, 1974, 1987. అందులో 1974ది ఆడనే లేదు, అవతల ఉన్నది దక్షిణాఫ్రికా, వాళ్ల వర్ణవివక్షకి నిరసనగా ఫైనల్ వదిలేసుకున్నాం. గెలిచే అవకాశం ఉన్న ఏడాది అలా వదులుకోవడం చిన్న విషయం కాదు, దీని మీద ప్రశ్న వస్తే సంతోషిస్తాను.

స్వేత్లింగ్, కార్బిలాన్ రెండూ టేబుల్ టెన్నిస్ ప్రపంచ పోటీల్లో జట్లకిచ్చేవి. మొదటిది మగవాళ్లకి, రెండోది ఆడవాళ్లకి.

ఫాల్ట్, లెట్ వేరువేరు. ఫాల్ట్ అంటే తప్పు, పాయింట్ అవతలివాళ్లకి పోతుంది. లెట్ అంటే ఎవరికీ పాయింట్ లేదు, మళ్లీ ఆడాలి, అవతలివాడు సిద్ధం కాకముందే సర్వీస్ చేసినా, పక్క కోర్టు షటిల్ వచ్చి మధ్యలో పడినా లెట్ ఇస్తారు. సర్వీస్‌లో ఎత్తు కూడా చూస్తారు, రాకెట్‌తో కొట్టే క్షణంలో షటిల్ మొత్తం నేలకి 1.15 మీటర్ల కంటే కిందే ఉండాలి. 2018కి ముందు నడుము దగ్గర లెక్క చూసేవారు, ఎవరి నడుము ఎక్కడుందో అంపైర్‌కి, ఆటగాడికి రోజూ వాదనే.