ఏ ఇబ్బందీ లేకపోయినా తలకి ఎమ్మారై తీయించాలా?

పల్నాడు కుర్రాడు:
అమ్మకి 54. రొమ్ము క్యాన్సర్, హెర్2 పాజిటివ్ (కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువుండే రకం), లివర్‌కి పాకింది. మందులకి బాగానే తగ్గుతోంది. తలనొప్పి, వాంతులు, ఫిట్స్ ఏమీ లేవు. మా డాక్టరుగారు "పెట్ స్కాన్ బాగుంది, చాలు" అన్నారు. ఇంకోచోట చూపిస్తే "తలకి ఎమ్మారై తీయించండి" అన్నారు. ఆ గొట్టంలో పడుకోవాలంటే అమ్మకి వణుకు. ఎవరి మాట వినాలి?

ఫిల్ముల బాబాయ్:
రేడియాలజీలో ఉన్నాను కాబట్టి ఒక్కటి చెప్తా. పెట్ బాగుంటే మెదడూ బాగున్నట్టు కాదు. ఆ స్కాన్‌లో ఎక్కించేది ఒకరకం చక్కెర. మెదడు మామూలుగానే చక్కెర తెగ లాగేస్తుంది, అందుకే మొత్తం వెలిగిపోతుంది. అందులో చిన్న మచ్చని పట్టుకోవడమంటే పట్టపగలు చుక్కలు వెతకడమే. సీటీ కూడా చిన్నమెదడు దగ్గర ఎముక అడ్డొచ్చి చాలా వదిలేస్తుంది. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించి, మిల్లీమీటరు మందాన ముక్కలుగా తీసిన ఎమ్మారైలో రెండుమూడు మిల్లీమీటర్లవీ దొరుకుతాయి. కొందరు డబ్బు మిగులుతుందని కాంట్రాస్ట్ లేకుండా తీయించుకొస్తారు. చిన్న మచ్చల సంగతి దాన్లో తేలదు.

తోటకూర కట్ట:
దొరుకుతాయి సరే, దొరికాక? రొమ్ము క్యాన్సర్‌లో లక్షణాల్లేకుండా అందరికీ తల ఎమ్మారై తీస్తే ఆయుష్షు పెరిగిందని గట్టి రుజువు చూపించండి. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో కూడా తప్పనిసరిగా తీయించమనలేదు. మా అక్కకి మూడు నెలలకోసారి స్కాన్ అంటే, రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

ఫిల్ముల బాబాయ్:
అదే ఆస్కో, హెర్2 వాళ్ళకి ఏ చిన్న అనుమానమొచ్చినా వెంటనే తీయండనీ చెప్పిందమ్మా. నాలుగో స్టేజిలో వీళ్ళలో దాదాపు సగంమందికి ఎప్పుడో ఒకప్పుడు మెదడుకి పాకుతుంది. అయితే నీ వైపూ ఒకటి ఒప్పుకుంటా. మన దేశంలో టీబీ గడ్డ, పంది బద్దెపురుగు తిత్తి కూడా ఫిల్ములో ఉంగరంలాగే మెరుస్తాయి. వాటిని చూసి క్యాన్సరని హడలిపోయినవాళ్ళున్నారు.

శారద, డల్లాస్:
మా మామగారిది ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇక్కడ రెండో స్టేజి నుంచీ మొదట్లోనే తలకి ఎమ్మారై తీస్తారు, దాంట్లో వాదనే లేదు. చిన్న మచ్చలు రెండు కనిపించాయి. క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉంది కాబట్టి ఒసిమెర్టినిబ్ మాత్ర ఇచ్చారు. అది మెదడులోకీ వెళ్తుంది. రెండూ కరిగాయి. జపాన్‌లో 2017లో వచ్చిన ఫలితాలు కూడా చూడండి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనే స్మాల్ సెల్ అనే రకం ముదిరినవాళ్ళలో, ముందుజాగ్రత్తగా తలంతా రేడియేషన్ ఇచ్చినవాళ్ళు సగటున 11.6 నెలలు బతికితే, ఎమ్మారైతో కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు 13.7 నెలలు బతికారు.

తోటకూర కట్ట:
శారదగారూ, అది రేడియేషన్‌కీ కాపలాకీ మధ్య పోటీ. ఎమ్మారై తీసినవాళ్ళకీ తీయనివాళ్ళకీ మధ్య కాదు. పైగా ఆ తేడా కూడా లెక్కల్లో నిలిచేంత లేదు. వేరే జబ్బు లెక్క తెచ్చి ఈ అబ్బాయి నెత్తిన పెట్టకండి.

శారద, డల్లాస్:
ఒప్పుకుంటా. కానీ మచ్చ చిన్నదిగా ఉన్నప్పుడు దొరికితే దానిమీదికే గురిపెట్టి రేడియేషన్ ఇవ్వొచ్చు. ముదిరాక తలంతా ఇస్తే మతిమరుపు రావచ్చు. హెర్2కి మెదడులోనూ పనిచేసే టుకాటినిబ్ లాంటి మందు కూడా 2020లో వచ్చిందిగా. "దొరికాక ఏం చేస్తారు" అన్న ప్రశ్న పదేళ్ళ కిందట సరిగ్గా ఉండేది.

పల్నాడు కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. సోమవారం మా డాక్టరుగారిని ఒక్కటే అడుగుతా: మచ్చ కనిపిస్తే అమ్మ మందు మారుస్తారా, లేదా? మారుస్తానంటే తీయిస్తాం.

తోటకూర కట్ట:
తీయిస్తే మాత్రం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు పట్టుకెళ్ళు, కాంట్రాస్ట్‌కి అడుగుతారు. పుస్తెలు, మట్టెలు, పిన్నీసులు ఇంట్లోనే తీసేయండి. లోపలికి వెళ్ళకముందే కళ్ళమీద గుడ్డ కప్పించు, గొట్టం కనపడకపోతే మా అక్క పడుకునేది. చేతికి బెల్లు ఇస్తారని ముందే చెప్పు.