కోణార్క్ గుడి దగ్గర తొలి ఎండ: పెద్దవయసు అమ్మతో తెల్లవారుజామున వెళ్లడం ఎలా?

ప్రశ్న (బరంపురం నుంచి)

అందరికీ నమస్కారం. మేము మూడు తరాలుగా ఒడిశాలోని బరంపురంలో స్థిరపడిన తెలుగువాళ్లం. మా అమ్మకు 71 ఏళ్లు. ఏటా రథసప్తమి నాడు జిల్లేడాకులు తలమీద, భుజాలమీద పెట్టుకుని స్నానం చేసి, చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చిన్న రథం కట్టి, పిడకల మంటమీద పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెడుతుంది. అరసవల్లికి లెక్కలేనన్నిసార్లు వెళ్లివచ్చింది. కోణార్క్ మాత్రం ఒక్కసారే చూసింది, అదీ సరిగ్గా చూడలేదు. ఆరేళ్ల కిందట ఒక యాత్రల బస్సులో తీసుకువెళ్లాను. ఉదయాన్నే చేరుస్తామని చెప్పినవాళ్లు దారిలో దుకాణాల దగ్గర ఆపుకుంటూ మిట్టమధ్యాహ్నానికి దింపి, నలభై నిమిషాల్లో తిరిగి రమ్మన్నారు. ఆ ఎండకు అమ్మ లోపలికి రాలేక, దారిపక్క చెట్టునీడన కూర్చుండిపోయింది. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

ఈ చలికాలంలో అమ్మను, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని కారులో తీసుకువెళ్లి, తొలి ఎండ గుడిమీద పడే వేళకు అక్కడ ఉండాలని కోరిక. రాత్రి ఒంటిగంటకు బయలుదేరితే అందుకోగలమా? రథసప్తమి నాడే వెళ్లడం మంచిదా? లోపల అమ్మ దణ్ణం పెట్టుకోవడానికి దేవుడున్నాడా? వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (పర్లాకిమిడి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

మీ కోరిక ఎంతో ఉచితమైనది. కోణార్క్‌ను పగటిపూట చూసినవాడు రాళ్లను చూస్తాడు; ఉదయం చూసినవాడికి ఆ గుడిని తూర్పుముఖంగా ఎందుకు కట్టారో తెలుస్తుంది. అయితే రాత్రి ఒంటిగంట ప్రయాణం మాత్రం వద్దు. ఇచ్ఛాపురం వైపు నుంచి అలా బయలుదేరి, చిలికా పొడవునా మంచు కమ్ముకోగా బాలుగావ్ దగ్గర గంటన్నర ఆగిపోయిన అనుభవం నాకుంది. ముందురోజు పగలే బయలుదేరి పురీలో గానీ కోణార్క్‌లోనే గానీ బస చేయండి. పురీ నుంచి సముద్రం వెంట వెళ్లే రోడ్డున కోణార్క్ 35 కిలోమీటర్లు. కోణార్క్‌కు రైలు లేదు. మన బరంపురం మీదుగా వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ భువనేశ్వర్‌లోనే ఆగుతుంది కాబట్టి, దూరప్రాంతాల బంధువులెవరైనా పేరు చూసి టికెట్టు తీసుకోకుండా ముందే చెప్పండి.

చలికాలాన్ని ఎంచుకోవడం వల్ల మీకొక పెద్ద మేలుంది. గుడి ఆవరణను ఉదయం 6 గంటలకు తెరుస్తారు. జూన్‌లో ఆ వేళకు సూర్యుడు వచ్చి దాదాపు గంట దాటిపోతుంది. ఎంత తెల్లవారుజామున లేచినా తొలి ఎండను గేటు బయటినుంచి చూడవలసిందే. డిసెంబరు నడుమ సూర్యోదయం 6 గంటల 10 నిమిషాల ప్రాంతంలోను, జనవరిలో 6 గంటల 20 నిమిషాల ప్రాంతంలోను అవుతుంది. అంటే గేటు తెరవగానే లోపలికి వెళ్లగలిగితే సూర్యుడికంటే ముందు మీరు గుడి ముందుంటారు. సముద్రపుగాలిని, ఇసుకను ఆపడానికి చుట్టూ పెంచిన చెట్లను దాటి ఎండ రావడానికి ఇంకొంచెం సేపు పడుతుంది. ఆ కొద్దిసేపే మీకు దొరికే వరం, తొందరపడకండి.

ఎక్కడ నిలబడాలన్నది కూడా చెబుతాను. తూర్పున ఏనుగుల్ని తొక్కి నిలబడిన రెండు సింహాలను దాటగానే నాట్యమందిరం వస్తుంది. దానికిప్పుడు కప్పు లేదు, స్తంభాలు మాత్రమే ఉన్నాయి. దాన్ని దాటి, జగమోహనానికీ (గర్భగుడి ముందుండే పెద్ద మండపం) దానికీ నడుమ ఉన్న చోట నిలబడండి. ఎండ మొదట జగమోహనం పైకప్పు అంచుల్ని తాకి, అక్కడ వాయిద్యాలు పట్టుకుని నిలబడిన స్త్రీమూర్తుల మీదుగా కిందికి దిగుతుంది. రాయి బూడిదరంగు నుంచి ఇటుకరంగులోకి, ఆ తరువాత తేనెరంగులోకి మారుతుంది. నేను నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ మాట రాలేదు.

దేవుడి విషయం అమ్మగారికి ముందే చెప్పడం మంచిది. గర్భగుడిమీద ఉండిన పెద్ద శిఖరం ఎప్పుడో కూలిపోయింది. నిలిచి ఉన్న జగమోహనం కూడా కూలకుండా 1903లో ఆంగ్లేయుల కాలంలో లోపలంతా ఇసుక నింపి ద్వారాలు మూసేశారు. మూలవిరాట్టు లేదు, పూజ లేదు. అయితే ఒకప్పుడు జగమోహనం తూర్పు ద్వారం మీద ఉండిన నవగ్రహాల శిల ఇప్పుడు ఆవరణకు పక్కనే ఉన్న చిన్న మందిరంలో ఉంది. అక్కడ పూజ జరుగుతుంది. అమ్మగారి దణ్ణం అక్కడ చెల్లుతుంది. గుడి మూడు వైపులా నల్లని, కొంత పచ్చదనం తొంగిచూసే క్లోరైట్ రాతిలో నిలువెత్తు సూర్యమూర్తులున్నాయి, వాటిని కూడా చూపించండి.

మరో మాట. ఈ గుడిని 1250 ప్రాంతంలో కట్టించిన మొదటి నరసింహదేవుడు గంగవంశపు రాజు. ఆ వంశానికి ఒకప్పటి రాజధాని కళింగనగరం, అంటే మా ఊరికి దగ్గరలోనే వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగం. కోణార్క్ మనకు పరాయిచోటు కాదని మీ అమ్మాయికి చెప్పండి.

జవాబు 2 (ఛత్రపురం)

అధ్యాపకులవారి మాటలను గౌరవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. సూర్యోదయాన్ని చంద్రభాగ తీరంలో చూసి, ఆ తరువాత గుడికి రావడమే ఇక్కడివారి సంప్రదాయం. తీరం గుడికి మూడు కిలోమీటర్లే. సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూసి, నీళ్లు తలమీద చల్లుకుని వస్తే పెద్దావిడకు తృప్తిగా ఉంటుంది. గుడిని ఏడు గంటలకు చూసినా ఎండ మెత్తగానే ఉంటుంది, జనమూ పలచగానే ఉంటారు.

రథసప్తమి మాత్రం వద్దే వద్దు. ఒడియావారు దాన్ని మాఘసప్తమి అంటారు. ఆ తెల్లవారుజామున చంద్రభాగలో మునగడానికి వేలాదిమంది వస్తారు. నేను వెళ్లిన ఏడాది మా నాన్నగారి చేయి జారి, దాదాపు గంటసేపు ఆయన ఎక్కడున్నారో తెలియక తిరిగాను. ఆ భయం మీకు వద్దు.

పురీ నుంచి వచ్చేటప్పుడు రోడ్డు బాలుఖండ్ అభయారణ్యంలోంచి సాగుతుంది. చీకట్లో చుక్కల జింకలు అడ్డం వస్తాయి, మెల్లగా నడపండి. 2019 మే నెలలో ఫణి తుపాను ఆ సరుగుడు తోటల్ని నేలమట్టం చేసింది. ఫైలిన్‌ను చూసిన మనకు ఆ దృశ్యం కొత్త కాదు.

జవాబు 3 (రాయగడ, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు)

మీ అమ్మాయి కోసం రాస్తున్నాను. ఏటా పిల్లలను తీసుకువెళతాను కాబట్టి వారి కళ్లు ఎక్కడ ఆగుతాయో తెలుసు. రథం ఆకారంలో కట్టిన ఈ గుడికి మొత్తం 24 చక్రాలున్నాయి. చలికాలంలో సూర్యుడు తూర్పుకు కొంచెం దక్షిణంగా ఉదయిస్తాడు కనుక, ఎండ దక్షిణపు గోడమీద ఏటవాలుగా జారుతుంది. ఆ వేళ చక్రం అంచులోని తీగలు, చక్రపు ఆకుల (చువ్వల) నడుమ ఉన్న చిన్న బొమ్మలు ఒక్కొక్కటే నీడతో పైకి లేస్తాయి. అదే చక్రం మధ్యాహ్నం చదునుగా కనిపిస్తుంది. కాబట్టి జగమోహనం చూశాక నేరుగా దక్షిణం వైపు నడవండి. ఉత్తరపు చక్రాలకు ఆ కాలంలో ఎండ రాదు.

చక్రం ముందు నిలబడి ఇరుసు నీడను చూడమనండి. పొద్దున అది పడమటి వైపు దాదాపు అడ్డంగా సాగి, ఎండ పైకెక్కే కొద్దీ కిందికి వాలుతుంది. ఒక్కో చక్రంలో ఎనిమిది లావు ఆకులు, ఎనిమిది సన్నటి ఆకులు ఉంటాయి. ఎనిమిది జాములకు ఎనిమిది లావు ఆకులని గైడ్లు చెబుతారు. నిమిషాలతో సహా చెప్పగలమనే వారి మాటను మాత్రం నేను పిల్లలకు చెప్పను. గోడకు అడ్డంగా పొడుచుకొచ్చిన ఇరుసు నీడ ఋతువును బట్టి మారుతుంది గనుక, అది ఏడాది పొడవునా ఒకే లెక్క చూపలేదు. ఇది అమ్మాయిని తానే కనిపెట్టనివ్వండి.

గుడిలో ఎక్కువభాగం ఖొండలైట్ రాయి. మా కొండల్లో ఉండే కోందుల పేరుమీదనే ఆ రాతికి ఆ పేరు వచ్చింది. ఉప్పుగాలికి అది పొరలు పొరలుగా రాలుతుంది, అందుకే చక్రాన్ని పట్టుకుని ఫొటోలు దిగవద్దని ప్రాధేయపడుతున్నాను. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు. పురావస్తుశాఖ మ్యూజియం అంత పొద్దున్నే తెరవరు, శుక్రవారం సెలవు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. జనవరి రెండో వారంలో ఒక మామూలు రోజున వెళ్లివచ్చాము. అమ్మను రెండుచోట్లకు పరుగెత్తించడం ఇష్టంలేక, ఛత్రపురం వారి సలహాను సాయంత్రానికి మార్చుకుని, ముందురోజు చీకటి పడకముందే చంద్రభాగ చూపించాను. ఉదయం గేటు తెరిచేసరికి మాతో కలిపి పదిమందికి మించి లేరు. మంచు వల్ల ఎండ రావడం ఆలస్యమైంది. ఆరూముప్పావు దాటాక జగమోహనం పైఅంచున సన్నటి గీతలా కనిపించింది. అమ్మ చెప్పులు విడిచి, చన్నీళ్లలా ఉన్న ఆ రాతినేలమీద నిలబడి, చేతులు జోడించి ఆదిత్యహృదయం మొదలుపెట్టింది. చదవడం పూర్తయ్యేసరికి ఎండ మెట్లదాకా దిగింది.

మా అమ్మాయి పదిరూపాయల నోటు తీసి, దానిమీది గుడి బొమ్మను ఎదురుగా ఉన్న గుడి పక్కన పెట్టి చాలాసేపు చూసింది. తరువాత దక్షిణపు చక్రం దగ్గర, అరగంటకోసారి ఇరుసు నీడ ఏ ఆకుమీద ఉందో నోటుపుస్తకంలో గీసుకుంది. మొత్తం నాలుగు గీతలు. జూన్‌లో మళ్లీ వచ్చి అవే వేళల్లో గీయాలని అడుగుతోంది. ఆ కాలంలో ఎండ ఉత్తరం వైపు పడుతుందని రాయగడ వారి జవాబును బట్టే అర్థమైంది కాబట్టి, ఎటువైపు నిలబడాలో ఈసారి నేనే చెప్పగలిగాను.